తూర్పు మతాల పరిచయం: మొదటి సెమిస్టర్‌లో చిక్కు ఎక్కడ పడుతుంది

'తూర్పు మతాల పరిచయం' పేపర్ తీసుకున్న విద్యార్థి మొదటి వారంలోనే నోట్‌బుక్‌లో ఒక పట్టిక గీసుకుంటాడు. ఎడమవైపు నిలువునా హిందూ, బౌద్ధ, జైన, సిక్కు, కన్‌ఫ్యూషియన్, తావో, షింటో అని ఏడు పేర్లు. పైన అడ్డంగా దేవుడు, స్థాపకుడు, పవిత్ర గ్రంథం, ముక్తి, పరలోకం అని అయిదు శీర్షికలు. ఆ 35 గళ్లూ నింపేస్తే సిలబస్ అయిపోయినట్టే అనిపిస్తుంది. పరీక్ష ముందు రోజు ఈ పట్టిక కొంత ఆదుకుంటుంది కూడా. విషయం అర్థం కావడానికి మాత్రం ఇదే పెద్ద అడ్డు.

ఎందుకంటే ఆ శీర్షికలు ఈ మతాలను చూసి పెట్టినవి కావు. ఒక దేవుడు, ఒక ప్రవక్త, ఒక గ్రంథం ఉన్న మతాలకు సరిగ్గా సరిపోయేవి. హిందూ మతానికి స్థాపకుడి గడి ఖాళీగా మిగులుతుంది. షింటోకు ముక్తి గడిలో రాయడానికి పెద్దగా ఏమీ దొరకదు. జైనానికి దేవుడి గడిలో 'సృష్టికర్త లేడు' అని రాశాక, తీర్థంకరుడి విగ్రహానికి రోజూ జరిగే పూజను ఏ గడిలో పెట్టాలో తోచదు. ఖాళీలు ఎక్కువైన కొద్దీ ఆ మతానికేదో తక్కువైందన్న అభిప్రాయం మనకు తెలియకుండానే స్థిరపడిపోతుంది.

తెలుగు విద్యార్థికి ఇంకో చిక్కు కూడా ఉంది. కర్మ, ధర్మం, సంసారం, మోక్షం చిన్నప్పటి నుంచీ వింటున్నవే కాబట్టి సగం సిలబస్ ముందే వచ్చనిపిస్తుంది. బౌద్ధ సూత్రంలోనో జైన గ్రంథంలోనో ఆ మాట ఎదురుకాగానే ఇంట్లో విన్న అర్థాన్నే అక్కడా పెట్టుకుని ముందుకు వెళ్లిపోతారు. కొత్త విషయం ఉన్నదంతా సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఈ రెండు చిక్కులకూ మందు ఒకటే. ఈ సంప్రదాయాలు దేనికది ఒంటరిగా కూర్చుని నమ్మకాల జాబితా రాసుకోలేదు. ఒకదానితో ఒకటి వందల ఏళ్లు వాదించుకుంటూ, ఆ వాదాల్లోనే తమ రూపం తేల్చుకున్నాయి. కాబట్టి ఒక మతం ఏం నమ్ముతుందని అడిగే ముందు, ఈ మాట ఎవరికి జవాబుగా చెప్పారని అడగాలి.

అసలు 'తూర్పు' అంటే ఏది?

భూగోళం ప్రకారం చూస్తే ఈ పేరు నిలవదు. యూదు మతం, క్రైస్తవం, ఇస్లాం మూడూ ఆసియాలోనే పుట్టాయి. ప్రపంచంలో ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశాల్లో ఇండోనేషియా, పాకిస్తాన్, భారత్ ముందు వరుసలో ఉంటాయి. అయినా ఈ పేపర్‌లో ఇస్లాం సాధారణంగా ఉండదు. ఈ విభజన 19వ శతాబ్దపు యూరప్ విశ్వవిద్యాలయాల్లో రూపు దిద్దుకుంది. మాక్స్ ముల్లర్ సంపాదకత్వంలో 1879 నుంచి 1910 వరకు వెలువడిన తూర్పు దేశాల పవిత్ర గ్రంథాల అనువాదమాల మొత్తం 50 సంపుటాలు. అందులో ఖురాన్, జొరాస్ట్రియన్ గ్రంథాలు కూడా ఉన్నాయి. అంటే అప్పటి 'తూర్పు' వేరు, ఇప్పటి సిలబస్‌లోని 'తూర్పు' వేరు. ఆ మాల వల్ల జరిగిన మేలు చాలా పెద్దది. దాంతోపాటు, మతం అంటే దాని గ్రంథమేనన్న అలవాటు కూడా పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. పుస్తకంలోకి ఎక్కని వ్రతాలు, జాతరలు, తద్దినాలు, పాటలు పక్కకు పోయాయి.

దీన్ని ఒక్క యూరప్ పండితులే చేశారనడం కూడా సరికాదు. 1893లో చికాగోలో జరిగిన సర్వమత మహాసభకు వివేకానందుడు, సింహళం నుంచి అనగారిక ధర్మపాల, జపాన్ నుంచి జెన్ గురువు షాకు సోయెన్ వెళ్లారు. తమ మతం హేతుబద్ధమైనదని, అందరికీ వర్తించేదని, ఆధునిక విజ్ఞానానికి విరుద్ధం కాదని వినిపించడానికి వాళ్లు ఎంచుకున్న అంశాలే తర్వాతి పరిచయ పుస్తకాల్లో మొదటి పేజీలకు చేరాయి. అదీ ఒక వాదమే. ఎదుట ఉన్నది క్రైస్తవ మిషనరీల విమర్శ.

లెక్కల దగ్గరా ఇదే ఇబ్బంది. జపాన్‌లో షింటో, బౌద్ధ సంస్థలు తమ తమ అనుయాయులుగా చూపే సంఖ్యలు కలిపితే దేశ జనాభాను దాటిపోతాయి. ఇందులో తప్పుడు లెక్క ఏమీ లేదు. పసిబిడ్డను షింటో ఆలయానికి తీసుకెళ్లే కుటుంబమే అంత్యక్రియలకు బౌద్ధ పురోహితుణ్ని పిలుస్తుంది. చైనా ప్రభుత్వం గుర్తించిన అయిదు మతాలు బౌద్ధం, తావో, ఇస్లాం, కాథలిక్, ప్రొటెస్టంట్. కన్‌ఫ్యూషియన్ సంప్రదాయం ఆ జాబితాలో లేదు. ఇండోనేషియా గుర్తించిన ఆరింటిలో మాత్రం ఉంది. కాబట్టి 'ఏది మతం' అన్నది పరిశోధకుడు తేల్చే ప్రశ్న మాత్రమే కాదు, ప్రభుత్వాలు కూడా తేలుస్తుంటాయి.

ఒకే ప్రశ్న, అయిదు జవాబులు

కర్మ సిద్ధాంతాన్ని 'చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత' అని ఒక్క వాక్యంలో తేల్చేసే పాఠం విద్యార్థికి నష్టం చేస్తుంది. దీని వెనక గట్టి సమస్య ఒకటుంది. ఇవాళ చేసిన పని ఇవాళే ముగిసిపోతుంది. దాని ఫలం ఎన్నో ఏళ్లకో, ఇంకో జన్మలోనో వస్తుందంటున్నారు. ముగిసిపోయిన పనికీ, ఇంకా రాని ఫలానికీ మధ్య ఏముంది? ఎవరు మోస్తున్నారు?

వేదంలోని కర్మకాండను విచారించే మీమాంసకులు యజ్ఞాన్ని ముందు పెట్టుకుని జవాబు చెప్పారు. యజ్ఞం ముగిశాక 'అపూర్వం' అనే శక్తి మిగులుతుంది, ఫలం వచ్చేదాకా అది నిలుస్తుంది. ఫలం ఇవ్వడానికి ప్రత్యేకంగా ఈశ్వరుడు అక్కర్లేదు. వేదాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్న దర్శనమే సృష్టికర్తను ఒప్పుకోలేదన్న సంగతి విద్యార్థులను మొదట తికమక పెడుతుంది. ఆస్తికుడంటే దేవుణ్ని నమ్మేవాడనుకోవడం వల్ల వచ్చే తికమక అది. దర్శనాల లెక్కలో ఆస్తికుడంటే వేదప్రామాణ్యాన్ని ఒప్పుకునేవాడు.

వేదాంతులకు ఇది సరిపోలేదు. బ్రహ్మసూత్రాల్లో మూడో అధ్యాయం రెండో పాదం 38వ సూత్రం, 'ఫలమత ఉపపత్తేః', ఫలం ఈశ్వరుడి నుంచే వస్తుందంటుంది. అచేతనమైన శక్తి తనంతట తాను ఎవరికి ఎంత ఇవ్వాలో ఎలా తేలుస్తుందన్నది వాళ్ల అభ్యంతరం. రెండు సూత్రాల తర్వాత మీమాంసా సూత్రకర్త జైమిని మతాన్ని ఆయన పేరుతోనే చెప్పి, ఆ వెంటనే బ్రహ్మసూత్రకర్త బాదరాయణుడి జవాబు ఇస్తుంది. నాలుగు చిన్న సూత్రాల్లో ఒక పూర్తి వాదం నడుస్తుంది. మొదటి సెమిస్టర్ విద్యార్థి చేత చదివించడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదని నా అభిప్రాయం. తర్కాన్ని ప్రధానంగా పట్టుకున్న న్యాయ దర్శనం వాళ్లు, నైయాయికులు, ఇదే దారిలో మరింత ముందుకు వెళ్లారు. ఉదయనాచార్యుడి న్యాయకుసుమాంజలిలో, అదృష్టాన్ని (కర్మ మిగిల్చిన కనబడని ఫలశక్తిని) నడిపించడానికి చేతనుడొకడు ఉండి తీరాలన్నది ఈశ్వరుణ్ని నిరూపించే యుక్తుల్లో ఒకటి.

జైనుల జవాబు వీటన్నిటికీ దూరం. వాళ్ల లెక్కలో కర్మ అంటే సూక్ష్మమైన పదార్థం, పుద్గలం. మనసు, మాట, శరీరం కదిలినప్పుడల్లా ఆ రేణువులు జీవుడివైపు వచ్చి చేరతాయి. అది ఆస్రవం. కోపం, మానం, మాయ, లోభం అనే కషాయాలు ఉంటే తడి గుడ్డకు దుమ్ము అంటుకున్నట్టు అంటుకుంటాయి. అది బంధం. కొత్తవి రాకుండా ఆపడం సంవరం, పాతవాటిని తపస్సుతో రాల్చడం నిర్జర. ఈ కర్మల్లో జ్ఞానావరణీయం, దర్శనావరణీయం, మోహనీయం, అంతరాయం, వేదనీయం, ఆయువు, నామం, గోత్రం అని ఎనిమిది రకాలు. ఇక్కడ ఈశ్వరుడికి పనే లేదు. ఇదంతా ఉపమానమనుకుని చదివితే జైనం అర్థం కాదు. పదార్థమన్నది వాళ్లు నిజంగానే అన్న మాట.

బౌద్ధులు మరో కొస పట్టుకున్నారు. పాళీ సుత్తాల సంకలనమైన అంగుత్తరనికాయంలో బుద్ధుడు 'చేతనాహం భిక్ఖవే కమ్మం వదామి' అంటాడు. సంకల్పాన్నే కర్మ అంటున్నాను, భిక్షువులారా అని. దాంతో పాటు, దాన్ని మోసుకెళ్లే ఆత్మ లేదని కూడా అన్నాడు. మరి ఫలం ఎవరికి? మిలిందపఞ్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేన భిక్షువు జవాబు, పుట్టేవాడు పాతవాడే అనలేం, వేరేవాడనీ అనలేం అని. ఇది అక్కడితో ఆగలేదు. బౌద్ధ శాఖల్లో సర్వాస్తివాదులు గతం కూడా ఒక విధంగా ఉన్నట్టే అన్నారు. సౌత్రాంతికులు చిత్తసంతతిలో బీజాలు నాటుకుంటాయన్నారు. యోగాచారులు ఆ బీజాలకు ఆలయవిజ్ఞానం అనే నెలవు చూపారు. అనాత్మవాదం ఒక చోట ముగిసిన సిద్ధాంతంలా పరీక్ష జవాబులో కనిపిస్తుంది. బౌద్ధుల చేతుల్లో మాత్రం అది కొన్ని శతాబ్దాల పాటు పరిష్కారం వెతికించిన ప్రశ్న.

బౌద్ధ, జైనాలనే ఈ రెండు శ్రమణ (సన్యాస) సంప్రదాయాలు ముఖాముఖి తలపడిన చోట్లు రెండు వైపులా మిగిలాయి. మజ్ఝిమనికాయంలోని ఉపాలి సుత్తంలో శరీరం, మాట, మనసు మూడింటిలో ఏ పని ఎక్కువ పాపమన్నది ప్రశ్న. నిగంఠుల (జైనుల) పక్షాన వచ్చిన ఉపాలి శరీరమంటాడు, బుద్ధుడు మనసంటాడు. చివరికి ఉపాలి బుద్ధుడి శిష్యుడైపోతాడు. ఇది బౌద్ధుల పుస్తకం కాబట్టి ముగింపు అలా ఉండక తప్పదు. జైనుల సూత్రకృతాంగంలో రెండో శ్రుతస్కంధం ఆరో అధ్యయనం తీస్తే అదే వాదం తలకిందులవుతుంది. మనిషి అనుకుని పిండిముద్దను పొడిచి కాల్చినవాడికి హత్యాపాపం వస్తుందట, పిండిముద్ద అనుకుని మనిషిని కాల్చినవాడికి పాపం లేదట అని బౌద్ధుడి నోట పలికించి, ఆ వాదాన్ని ఖండిస్తారు. రెండు పుటల చొప్పున ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక అధ్యాయమంత పని అవుతుంది.

ఈ తేడా ఆచరణలోకి ఎలా దిగిందో కూడా చూడాలి. పని వల్ల ప్రాణికి హాని జరగడమే పెద్ద విషయమైతే, తెలియక చేసిన హింసను తప్పించుకోవడానికి కూడా ఏర్పాట్లు కావాలి. జైనుల్లో శ్వేతాంబర సాధువు చేతిలో పురుగులను మెల్లగా తొలగించే చీపురు, రజోహరణం, దిగంబర ముని చేతిలో నెమలి ఈకల పింఛి, సూర్యాస్తమయం తర్వాత తినకపోవడం, వానాకాలం నాలుగు నెలలు ప్రయాణం మానడం ఇందుకే. సంకల్పమే ప్రధానమైతే నియమం ఇంకోలా ఉంటుంది. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో మనిషిని చంపడం భిక్షుత్వం పోగొట్టే నాలుగు పారాజికాల్లో ఒకటి. కానీ ఉద్దేశం లేకుండా జరిగితే ఆ దోషం అంటదు. తన కోసం చంపారని చూడకపోతే, వినకపోతే, అనుమానం లేకపోతే భిక్షలో వచ్చిన మాంసం తినవచ్చు. చైనా మహాయాన భిక్షువులు పూర్తి శాకాహారులు కావడం వేరే కథ. దానికి మహాయాన సూత్రాల బోధ, 6వ శతాబ్దపు ల్యాంగ్ చక్రవర్తి వూ పట్టుదల రెండూ కారణాలు. 'బౌద్ధులు మాంసం తింటారా' అన్న ప్రశ్నకు 'ఏ దేశపు, ఏ వినయం పాటించే భిక్షువు' అన్న ఎదురుప్రశ్న వేయకుండా జవాబు చెప్పలేం.

హిందూ మతం ఏమంటుంది?

ఈ రూపంలో ప్రశ్న వేస్తే జవాబు తప్పే వస్తుంది. ఛాందోగ్య ఉపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు తొమ్మిది సార్లు చెప్పిన 'తత్త్వమసి' (అది నువ్వు) అన్న మాటను శంకరుడు జీవబ్రహ్మల ఏకత్వంగా చదివాడు. రామానుజుడు జీవుణ్ని శరీరంగా కలిగిన పరమాత్మే 'త్వం' అన్నాడు. మధ్వాచార్యుడు 'స ఆత్మాతత్త్వమసి' అన్న చోట సంధిని వేరుగా విడదీసి 'అతత్ త్వమసి', నువ్వు అది కాదు అని చదివాడు. ముగ్గురూ వేదాంతులే, ముగ్గురి చేతిలోనూ అదే ఉపనిషత్తు. అద్వైతాన్నే హిందూ మతం మొత్తంగా చూపించడం పరిచయ పాఠాల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు. జవాబు రాసేటప్పుడు కర్తను మార్చండి. 'హిందువులు నమ్ముతారు' అని రాయకుండా 'ఛాందోగ్యంలో ఉంది', 'రామానుజుడు అన్నాడు', 'శ్రీవైష్ణవ ఆలయాల్లో చేస్తారు' అని రాస్తే సగం తప్పులు వాటంతట అవే తొలగిపోతాయి.

తండ్రి పేరు రాసిన చెక్కపలక

చైనా విభాగానికి వచ్చేసరికి అసలు 'మతం' అన్న మాటే వాదానికి వస్తుంది. ఇక్కడ పట్టుకోవలసిన ఘటన పూర్వీకుల ఆరాధన మీద సాగిన వివాదం.

ఇంట్లో ఒక చెక్కపలక ఉంటుంది. దాని మీద గతించిన తండ్రి పేరు. ముందు అగరుబత్తి, ఆహారం పెట్టి సాష్టాంగపడతారు. ఇది పూజా, మర్యాదా? మత్తయో రిచ్చి (1552–1610) అనే కాథలిక్ మిషనరీ దారిలో నడిచిన జెసూట్‌లు ఇది పౌర మర్యాద, చైనా క్రైస్తవులు చేసుకోవచ్చన్నారు. వేరే కాథలిక్ సంఘాలైన డొమినికన్లు, ఫ్రాన్సిస్కన్లు విగ్రహారాధన అన్నారు. 1700లో కాంగ్‌షీ చక్రవర్తి జెసూట్‌ల వ్యాఖ్యానం సరైనదేనని ధ్రువీకరించాడు. అయినా పోప్ 11వ క్లెమెంట్ 1704లో, మళ్లీ 1715లో వ్యతిరేకంగా తీర్పు ఇచ్చాడు. 1742లో 14వ బెనెడిక్ట్ చర్చకే తెర దించాడు. ఈలోగా 1724లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి క్రైస్తవాన్ని నిషేధించాడు. 1939లో వాటికన్ ఈ ఆచారాలను మళ్లీ అనుమతించింది. ఒక చెక్కపలకను ఏ గడిలో పెట్టాలో తేలకపోవడం వల్ల రెండు శతాబ్దాలకు పైగా వేల కుటుంబాలు ఇటు ఇంటికీ అటు చర్చికీ మధ్య నలిగాయి. పట్టిక గళ్లు హానిలేనివి అనుకునేవాళ్లు ఈ ఒక్క ఘటన చదవాలి.

విశేషమేమిటంటే ఈ ప్రశ్నకు చైనాలో క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే జవాబుంది. కన్‌ఫ్యూషియన్ తాత్త్వికుడు షున్జి తన 'కర్మకాండ' అధ్యాయంలో, ఉత్తముడు ఈ క్రియలను మానవ మార్గంగా చూస్తాడు, సామాన్య జనం ప్రేతాలకు చేసే సేవగా చూస్తారు అన్నాడు. చేసే పని ఒకటే, చూపు రెండు. ఏదో ఒకటే నిజమని తేల్చాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు. కన్‌ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) సంభాషణల్లో 17వ భాగంలో జైవో అనే శిష్యుడు తల్లిదండ్రుల కోసం మూడేళ్ల మైల ఎక్కువ, ఏడాది చాలంటాడు. గురువు శాస్త్రం చూపించడు. వరి అన్నం తిని పట్టుబట్ట కట్టుకుంటే నీ మనసుకు హాయిగా ఉంటుందా అని అడుగుతాడు. ఉంటుందని శిష్యుడంటే, అయితే అలాగే కానివ్వు అంటాడు. అతను వెళ్లాక మాత్రం, బిడ్డ తల్లిదండ్రుల చేతులు దిగడానికి మూడేళ్లు పడుతుందని గుర్తు చేస్తాడు. దేవుడు, పరలోకం అన్న గళ్లలో ఇది ఎక్కడా పట్టదు.

తావో సంప్రదాయాన్ని పాఠ్యపుస్తకాలు చాలాకాలం 'తత్త్వం'గా, 'మతం'గా రెండు ముక్కలు చేసి, మొదటిది గొప్పదనీ రెండోది దిగజారిన మూఢత్వమనీ చెప్పాయి. ఆ విభజన నిలబడదు. క్రీ.శ. 142లో సిచువాన్‌లో జాంగ్ దావోలింగ్‌కు దివ్యుడైన లావోజి దర్శనమిచ్చాడన్న నమ్మకంతో మొదలైన దివ్యాచార్యుల సంప్రదాయం సొంత పాలనా వ్యవస్థ కట్టుకుంది, రక్తబలులను తోసిపుచ్చింది, చేరినవాళ్ల దగ్గర అయిదు కొలతల బియ్యం తీసుకుంది. జబ్బు చేస్తే తప్పులు ఒప్పుకుంటూ మూడు ప్రతులు రాయించేవాళ్లు. ఒకటి ఆకాశానికి కొండ మీద, ఒకటి భూమిలో పాతి, ఒకటి నీట ముంచి. అదే జనం లావోజి రాశాడని చెప్పే తావో తె చింగ్‌ను పారాయణం చేశారు. తత్త్వం ఒక చోట, మతం ఒక చోట లేవు.

ఆ చిన్న గ్రంథానికి 81 అధ్యాయాలు, సుమారు 5,000 అక్షరాలు. 1973లో మవాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన పట్టువస్త్రపు ప్రతుల్లో రెండు భాగాల వరుస తారుమారుగా ఉంది. 1993లో గువోడియన్‌లో సుమారు క్రీ.పూ. 300 నాటి వెదురు పలకలు దొరికాయి. మనం చదివే 19వ అధ్యాయం దయను, ధర్మాన్ని వదిలేయమని కన్‌ఫ్యూషియన్ల మీద నేరుగా దెబ్బ వేస్తుంది. ఆ వెదురు పలకల్లో ఆ మాటలు లేవు. రెండు సంప్రదాయాల వైరం మొదటి నుంచీ అంత పదునుగా లేదేమో, వాదం ముదిరిన కొద్దీ గ్రంథమే మారిందేమో అన్న ప్రశ్నకు ఇది గట్టి ఆధారం.

గ్రంథం అంటే చదివేదేనా?

గురుగ్రంథ సాహిబ్‌ను ముందు పెట్టుకుంటే ఈ ప్రశ్నకు స్పష్టత వస్తుంది. గురు అర్జన్ 1604లో ఆదిగ్రంథాన్ని కూర్చాడు. 1708లో గురు గోవింద్ సింగ్ తర్వాత గ్రంథమే గురువు. నేటి ప్రామాణిక ముద్రణ ఏ ప్రతి తీసినా 1430 పుటలే. అందులో కబీరు, నామదేవుడు, రవిదాసు, షేక్ ఫరీదుల పదాలూ ఉన్నాయి. అధిక భాగం విషయం వారీగా కాదు, రాగాల వారీగా అమర్చారు, 31 రాగాలు. తెల్లవారుజామున ప్రకాశ్ చేసి తెరుస్తారు, రాత్రి సుఖాసనం చేసి వస్త్రాల్లో చుట్టి విశ్రాంతికి తీసుకెళ్తారు. పుటను యాదృచ్ఛికంగా తెరిచి ఎడమ పుట పైభాగాన ఉన్న శబ్దం చదువుతారు. అది ముందు పుటలో మొదలై ఉంటే వెనక్కి తిప్పి మొదటి నుంచి చదువుతారు. ఆ రోజుకు అదే హుకుమ్, గురువు ఆజ్ఞ. ఎడతెగకుండా మొత్తం చదివే అఖండ పాఠానికి సుమారు 48 గంటలు పడుతుంది. 'సిక్కుల పవిత్ర గ్రంథం ఏది' అన్న గడి నింపినవాడికి ఇందులో ఏదీ తెలియదు.

వేదం దగ్గర పరిస్థితి మరోలా ఉంటుంది. ఋగ్వేదంలో 10 మండలాలు, 1028 సూక్తాలు. వందల ఏళ్లు రాత లేకుండా పదపాఠం, క్రమపాఠం, ఘనపాఠం అనే పద్ధతులతో అక్షరం తప్పకుండా నిలిపారు. అక్కడ స్వరం తప్పడం, అర్థం తెలియకపోవడం కంటే పెద్ద దోషం. పాళీ త్రిపిటకం కూడా మొదట నోటి మీదే నడిచింది. సింహళంలో క్రీ.పూ. 1వ శతాబ్దంలో రాతలోకి ఎక్కింది. బౌద్ధ సుత్తాల్లో ఒకే వాక్యం పదేపదే రావడం చూసి విసుగుపడే విద్యార్థి, అది కంఠస్థానికి ఊతమని తెలిస్తే ఆ వాక్యాల్లో ఎక్కడ మాట మారిందో వెతకడం మొదలుపెడతాడు.

ప్రతి గ్రంథానికీ నోట్స్‌లో నాలుగు తేదీలు విడివిడిగా రాసుకోవాలి: కూర్చిన కాలం, రాతలోకి వచ్చిన కాలం, దొరికిన పాత ప్రతి కాలం, ఇప్పటి రూపం స్థిరపడిన కాలం. ఈ నాలుగూ కలిపేస్తే బుద్ధుడి మాటల గురించి, లావోజి గురించి చేసే వాదన ఏదీ నిలవదు.

పాతదనిపించే కొత్తవి

షింటోను జపాన్ అనాది మతంగా పరిచయం చేస్తారు. దాని పాత గాథల గ్రంథాల్లో కొజికి 712 నాటిదే, నిహోన్ షోకి 720 నాటిదే. కానీ వెయ్యేళ్లకు పైగా కామీలూ (షింటో దేవతలూ) బుద్ధులూ ఒకే ప్రాంగణంలో ఉన్నారు. 1868లో మెయిజీ ప్రభుత్వం ఆజ్ఞ జారీ చేసి విడదీసింది, ఎన్నో చోట్ల బౌద్ధ విగ్రహాలు ధ్వంసమయ్యాయి. విడిగా నిలబడిన షింటో చాలావరకు ఆ ఆజ్ఞ ఫలితం. ఇసె ఆలయాన్ని 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో కొత్తగా కడతారు, చివరిసారి 2013లో 62వ సారి. ఆ భవనం వయసు ఎంతని అడిగితే కొన్నేళ్లే అన్నా, వందల ఏళ్లన్నా రెండు జవాబులూ నిజమే.

బౌద్ధమంటే ధ్యానమేనన్న అభిప్రాయం కూడా ఇలాంటిదే. గృహస్థులు పెద్ద సంఖ్యలో విపస్సన ధ్యానం నేర్చుకోవడం బర్మాలో లేడీ సయాదా (1846–1923), మహాసి సయాదా (1904–1982) కాలంలో ఊపందుకున్న ఉద్యమం. తూర్పు ఆసియాలో అసంఖ్యాకులైన బౌద్ధుల రోజువారీ సాధన అమితాభ బుద్ధుడి నామస్మరణ. షిన్‌రాన్ (1173–1263) అనే జపాన్ గురువు అయితే సొంత ప్రయత్నంతో ముక్తి సాధ్యమన్న గర్వాన్నే వదలమన్నాడు. సాంచీ స్తూపం మీది దాతల శాసనాలు చదివితే భిక్షువుల, భిక్షుణుల పేర్లు చాలా కనిపిస్తాయి. చేతిలో ధనం లేకుండా దానం చేయలేరు కదా. భిక్షువు ధనం ముట్టకూడదని వినయ నియమాల పుస్తకం చెబితే, రాతి మీది చెక్కుడు ఇంకొకటి చెబుతుంది. రెండూ ఆధారాలే.

చదవడం, చూడడం, రాయడం

సెమిస్టర్ 15 వారాలు అనుకుంటే ఏడు సంప్రదాయాలకు తలో రెండు వారాలు పంచి, ఒకటి పునశ్చరణకు వదిలేస్తుంటారు. నా సలహా వేరు. అయిదారు వారాలు భారతీయ సంప్రదాయాల మధ్య వాదాలకు, నాలుగైదు వారాలు చైనాకు, మిగతావి బౌద్ధం దేశాలు దాటిన తీరుకు, సిక్కు, జపాన్ విభాగాలకు పెట్టుకోండి. వారానికి మూలగ్రంథం 20 నుంచి 30 పుటలు మించవద్దు. ఛాందోగ్యం ఆరో అధ్యాయం, బౌద్ధుల అనత్తలక్ఖణ సుత్తం, జైనుల తత్త్వార్థసూత్రం మొదటి అధ్యాయం, కన్‌ఫ్యూషియస్ సంభాషణల్లో మొదటి నాలుగు భాగాలు, తావో గ్రంథం జువాంగ్జి రెండో అధ్యాయం, సిక్కుల 38 పౌడీల (చరణాల) జప్‌జీ సాహిబ్. ఇవి చాలు, మూడేసి సార్లు చదవాలి. మొదటిసారి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మాత్రమే గుర్తించాలి. రెండోసారి ఖండించబడుతున్న అభిప్రాయాన్ని, దాన్ని నమ్మేవాడు ఒప్పుకునేలా, సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయాలి. మూడోసారి ముఖ్యమైన మాటలు రెండు అనువాదాల్లో పోల్చాలి. అనువాదకులు విడిపోయిన చోటే సాధారణంగా అసలు కష్టం ఉంటుంది.

గురుద్వారాకో, విహారానికో వెళ్లి నివేదిక రాయమంటే ముందుగా అనుమతి అడగాలి, ఫోటోల సంగతి విడిగా అడగాలి. గురుద్వారాలో తల కప్పుకోవాలి, చెప్పులు వదలాలి, గ్రంథం వైపు కాళ్లు చాపకూడదు, ప్రసాదం రెండు చేతులా పట్టాలి. నోట్స్‌లో ఒక పేజీ నిలువునా మడిచి ఎడమవైపు చూసింది మాత్రమే, కుడివైపు మీ ఊహ రాయండి. 'భక్తితో పాడారు' ఎడమవైపుది కాదు. 'ఇద్దరు హార్మోనియం, ఒకరు తబలా, 20 నిమిషాలు, వెనక ఆడవాళ్లు గొంతు కలిపారు' ఎడమవైపుది. వచ్చినవాళ్లను 'మీ నమ్మకం ఏమిటి' అని అడిగితే పుస్తకంలోని మాటే తిరిగి వస్తుంది. 'ఇప్పుడు చేసింది ఎవరి దగ్గర నేర్చుకున్నారు, చేయలేకపోయిన రోజు ఏం చేస్తారు' అని అడిగితే వేరే సంగతులు తెలుస్తాయి. అదే రాత్రి సాఫీగా తిరగరాయకపోతే వివరాలు కలగాపులగమైపోతాయి.

పోలిక వ్యాసం దగ్గర ఎక్కువమంది దెబ్బ తింటారు. 'బౌద్ధ, జైన మతాల పోలికలు, తేడాలు' అన్న శీర్షిక పెట్టుకోగానే అది మళ్లీ పట్టికే అవుతుంది. 1500 పదాల వ్యాసానికి ఒక ప్రశ్న, రెండు మూలభాగాలు చాలు. తెలియక చేసిన హింసకు బాధ్యత ఉందా అన్న ప్రశ్న తీసుకోండి, ఉపాలి సుత్తం ఒకవైపు, సూత్రకృతాంగంలోని ఆ అధ్యయనం ఇంకోవైపు పెట్టండి. సందర్భానికి 250 పదాలు, ఒక్కో భాగం వాదనను విడదీయడానికి 400 చొప్పున, ఎదుటివాడి మాటను ఎవరు ఎంత న్యాయంగా చెప్పారో చూడడానికి 300, మిగిలిన 150 ఆ తేడా ఒక్క ఆచారంలో ఎలా కనబడుతుందో చూపడానికి. రజోహరణం చాలు. 'రెండు మతాలూ అహింసనే బోధిస్తాయి' అన్న వాక్యంతో ముగించాలనిపిస్తే ఆ వాక్యం కొట్టేయండి. ఉపాలీ బుద్ధుడూ అంతసేపు వాదించుకున్నది అహింస మంచిదా కాదా అన్న దాని మీద కాదు.